దేవరాజ్ సార్ తాత సంతకం

అల్లం బస్తా ముందు కూర్చున్న రైతు "ఇది నిన్న తవ్విందే" అంటే "ఆధారం?" అని అడిగే మనిషి జహీరాబాద్ మొత్తంలో ఒక్కడే. ఆయన దేవరాజ్ సార్. ఇక్కడి ఒక డిగ్రీ కాలేజీలో పద్నాలుగేళ్లుగా కాంట్రాక్టు మీద చరిత్ర చెబుతున్నాడు. వయసు నలభై ఏడు. జేబులో ఎప్పుడూ రెండు పెన్నులుంటాయి, వాటిలో ఒకటి ఎర్రది. పెళ్లికి పిలవడానికి వచ్చినవాళ్ల పత్రికలో తేదీకీ వారానికీ పొంతన కుదరకపోతే, అక్కడికక్కడే ఎర్ర పెన్నుతో దిద్ది, కాఫీ ఇచ్చి, దిద్దిన పత్రిక వాళ్లకే తిరిగి ఇచ్చి పంపిన సందర్భాలున్నాయి. ఆరింటికల్లా ఇంటికొస్తానని చెప్పాను గదా అని ఒకరోజు భార్య రేఖతో వాదించబోతే ఆమె కూడా "ఆధారం?" అంది. ఆ పూట సార్ రెండో వడ్డన అడగకుండానే లేచాడు.

ఇంత ఆధారాల మనిషికి సొంతంగా ఉన్న ఆధారం ఒకే ఒక్క కాగితం.

చిరాగ్‌పల్లి దాటాక హైవే దిగి రెండు కిలోమీటర్లు లోపలికి పోతే సార్ వాళ్ల ఊరు వస్తుంది. ఆ ఊరి బడి ఉన్న ఇరవై గుంటల జాగా ఆయన తాత రామ్‌కిషన్ దానంగా రాసి ఇచ్చాడని ఇంటిల్లిపాదీ చెప్పుకుంటారు. దానికి రుజువే ఆ కాగితం. ఫసలీ 1359 నాటిది, అంటే దాదాపు డెబ్బై అయిదేళ్ల కిందటిది. మొదటి అక్షరం నుంచి చివరి చుక్క దాకా ఉర్దూలో ఉంది. ఆ ఇంట్లో ఉర్దూ వచ్చినవాడు తాత ఒక్కడే. ఆయన పోయాక ఆ కాగితాన్ని చదవగలిగినవాళ్లు ఆ వంశంలో పుట్టలేదు. చదవలేకపోవడం వల్ల దాని మీద గౌరవం తగ్గలేదు సరిగదా, పెరిగింది. ప్రతి దసరాకూ పసుపు పెట్టి మొక్కేవాళ్లు. తాత సంతకం ఎక్కడుందో మాత్రం తండ్రి చిన్నప్పుడే వేలు పెట్టి చూపించాడు. అడుగున, ఎడమ పక్క, కొడవలిలా వంపు తిరిగిన సంతకం. దానిపైన ఒక నల్లటి మరక. లామినేషన్ షాపతను మంచివాడు, అడక్కుండానే కంప్యూటర్‌లో ఆ మరకను తుడిచి తెల్లగా చేసి ఇచ్చాడు. ఆ తెల్లటి కాపీ ఫ్రేములో గోడకెక్కింది. అసలుది బీరువాలో మిగిలింది.

ఆ కాగితం చలవతో ప్రతి ఆగస్టు పదిహేనుకూ ఊరి బడిలో జెండా ఎగరేశాక దేవరాజ్ సార్‌ను "స్థలదాత మనవడు" అని పైకి పిలిచి శాలువా కప్పేవాళ్లు. కాలేజీలో ప్రతి ఏప్రిల్‌లోనూ ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియని మనిషికి ఏడాదిలో ఆ పది నిమిషాలే పర్మనెంటు. ఈసారి ఇంకా పెద్ద ముచ్చట. బడికి డెబ్బై అయిదేళ్లు నిండుతున్నాయి. గేటు పక్కన నల్లరాతి పలక పెడుతున్నారు. దాని మీద "స్థలదాత: కీ.శే. రామ్‌కిషన్ గారు" అని చెక్కించాలని కమిటీ తీర్మానించింది. రాయి పట్టణంలో ఆర్డరు కూడా ఇచ్చేశారు.

అదే ఏడాది సార్ తన క్లాసుకు వికీ తెచ్చాడు.

హైదరాబాద్‌లో రెండు రోజుల శిక్షణకు పోయి, భోజనం బాగా లేదన్న ఫిర్యాదుతో పాటు ఆయన మోసుకొచ్చిన కొత్త సంగతి అది. వికీ అంటే అందరూ కలిసి రాసే వెబ్‌సైటు. ఒకరు పేజీ మొదలుపెడతారు, ఇంకొకరు చేరుస్తారు, మరొకరు దిద్దుతారు. ఎవరు ఎప్పుడు ఏం మార్చారో 'చరిత్ర' అన్న చోట పేరుతో సహా పడి ఉంటుంది. వాదన ఏదైనా ఉంటే 'చర్చ' అన్న పేజీలో రాసుకోవాలి. బీఏ రెండో సంవత్సరంలో ముప్పై తొమ్మిది మంది. ఒక్కొక్కరూ తమ ఊరి మీద ఒక పేజీ రాయాలి, ఊళ్లో తిరిగి పెద్దలను అడగాలి, కాగితాలు వెతకాలి. ప్రతి వాక్యానికీ ఆధారం ఉండాలి. ఆధారాన్ని ఉన్నది ఉన్నట్టు ఫోటో తీసి పెట్టాలి, తుడవకూడదు, కత్తిరించకూడదు. ఒకరి పేజీని మరొకరు దిద్దాలి. ఇరవై మార్కులు.

రాయడం బాగానే రాశారు. దిద్దడం దగ్గర బండి ఆగింది. దోస్తు రాసినదాంట్లో తప్పు పట్టడమేమిటని ఎవరూ ఎవరి పేజీనీ ముట్టలేదు. సార్ ఆలోచించి, దిద్దుబాటుకు అర మార్కు అని ప్రకటించాడు. మర్నాటికల్లా ఝరాసంగం నుంచి వచ్చే మల్లేశ్ తన ఊరి పేజీలో "మా ఊరి పక్కన సముద్రం గలదు" అని రాశాడు. గంటలో వెంకట్ దాన్ని "సముద్రం లేదు" అని దిద్దాడు. వెంకట్ తన ఊళ్లో విమానాశ్రయం కట్టాడు, మల్లేశ్ దాన్ని కూల్చాడు. ఇద్దరికీ చెరో అర మార్కు. వారం తిరిగేసరికి జొన్నలూ కందులూ తప్ప మరేమీ పండని పల్లెల్లో ఓడరేవులు లేచి పడ్డాయి.

సార్ కూడా నమూనాగా తన ఊరి పేజీ రాశాడు. "బడి స్థలాన్ని రామ్‌కిషన్ గారు దానమిచ్చారు" అన్న వాక్యం రాసి, తన నియమం ప్రకారం బీరువాలోని అసలు కాగితాన్నే ఫోటో తీసి, మరకతో సహా ఆధారంగా పెట్టాడు. ఆ పేజీ జోలికి మాత్రం ఎవరూ పోలేదు. నెల గడిచినా దాని చరిత్రలో ఒకటే పేరు. సార్‌కు కొంచెం చిన్నతనంగా అనిపించింది. తన పేజీ కూడా దిద్దమని, సార్లు తప్పు చేయరని ఎక్కడా లేదని క్లాసులో చెప్పాడు. అందరూ మర్యాదగా నవ్వారు. ఒక్క అక్షత నమ్మింది.

అక్షత తండ్రి ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పనివాడు. చెప్పింది చెప్పినట్టు చేసే పిల్ల ఆమె, అదే ఆమెతో వచ్చిన చిక్కు. సార్ పేజీలో కాగితం ఫోటో ఉంది గాని అందులో ఏముందో తెలుగులో లేదు. అది చేర్చి సార్‌ను సంతోషపెట్టాలనుకుంది. ఫోటోను పెద్దగా ప్రింటు తీయించుకుని బస్టాండు వెనక ఉన్న గులాం దస్తగిర్ సాబ్ దగ్గరికి పోయింది. ఆయన రిటైరైన ఉర్దూ టీచరు, తన కొడుకు నడిపే గడియారాల దుకాణంలో కూర్చుంటాడు. గడియారాలు చూసే భూతద్దమే కంటికి పెట్టుకుని ఒకసారి చదివాడు, మళ్లీ చదివాడు.

"బేటీ, జాగా ఇచ్చింది భాగీరథి బాయి. భర్త లేని మనిషి. గీ నల్లగ ఉన్నది మరక గాదు, ఆమె బొటనవేలు. రామ్‌కిషన్ గవాహీ. అంటే సాక్షి సంతకం పెట్టిండు, గంతే."

ఆ రోజుల్లో ఆ ఊళ్లో ఉర్దూలో సంతకం పెట్టగలిగినవాడు రామ్‌కిషన్ ఒక్కడే కాబట్టి ఎవరి కాగితానికైనా ఆయనే సాక్షి అయివుంటాడని కూడా సాబ్ చెప్పాడు.

అక్షత అక్కడితో ఆగినా బాగుండేది. పెద్దలను అడగాలన్నది సార్ పెట్టిన నియమం గదా. ఆటో ఎక్కి ఊరికి పోయి భాగీరథి మనుషులు ఎవరున్నారని వాకబు చేసింది. హైవే మీద పంక్చర్ దుకాణం నడిపే మహాదేవప్ప ఆమె మనవడని తేలింది. అతని తల్లి శాంతమ్మ, అంటే భాగీరథి కోడలు, గడపలో కూర్చుని కందిపప్పు చెరుగుతోంది. కర్ణాటక దిక్కు నుంచి వచ్చిన కుటుంబం, మాటలో ఇంకా ఆ యాస ఉంది. జాగా తమదేనని ఆమె తడుముకోకుండా చెప్పింది. మరి ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదని అడిగితే ఆశ్చర్యపోయింది.

"ఇచ్చింది నోటితోని చెప్పుకోవద్దని మా అత్త మాట. అడిగితే చెప్తుంటిమి. ఎవరడిగిన్రు?"

అక్షతకు పందొమ్మిదేళ్లు. ఆ వయసులో చేసే పని చేసింది, మాట ఇచ్చింది. మీ అత్త పేరు పేజీలో పెడతానని, ఇప్పుడు చెక్కే రాయి మీద కూడా పడుతుందని, ఆ రోజు సభకు తప్పకుండా రమ్మని చెప్పి వచ్చింది. సార్ ఎంతో సంతోషిస్తాడని కూడా అంది.

మర్నాడు సార్ పేజీలోని వాక్యాన్ని ముట్టకుండా, చర్చలో వినయంగా రాసింది. దస్తావేజు ప్రకారం దాత భాగీరథి బాయి అని, రామ్‌కిషన్ గారు సాక్షి అని, చదివినది దస్తగిర్ సాబ్ అని, కుటుంబ సభ్యులను కలిశానని. చివర "సార్ పెద్ద మనసుతో పరిశీలించగలరు" అని చేర్చింది.

సార్ దాన్ని స్టాఫ్‌రూంలో టీ తాగుతూ చదివాడు. టీ అయిపోయాక కూడా కప్పు పెదాల దగ్గరే ఉందని పక్కన కూర్చున్న ఇంగ్లీషు మేడం నందిని గమనించి, ఇంకో కప్పు తెప్పించమంటారా అని అడిగింది. ఆ మధ్యాహ్నం ఆయన సెలవు పెట్టి ఇంటికి పోయాడు. బీరువా తీసి, కాగితం కిటికీ దగ్గర పట్టి, మరకలోకి తేరిపార చూశాడు. సన్నటి గీతలు సుడి తిరిగి కనబడ్డాయి. తన బొటనవేలు పక్కన పెట్టి పోల్చుకున్నాడు. ఆమె వేలు చిన్నది. రెండోసారి ఎవరితోనైనా చదివిద్దామా అన్న మాట ఆయన మనసులోకే రాలేదు. ఆధారం చూడగానే గుర్తుపట్టగల మనిషి ఆయన.

పాపం, ఆయన ముందు దారులు లేకపోలేదు. కమిటీకి ఒక్క ఫోను చేస్తే సరిపోయేది, రాయి ఇంకా చెక్కలేదు. ఫోను చేశాడు కూడా. కమిటీ అధ్యక్షుడు మదన్‌మోహన్ అవతల నుంచి, శాలువా ఈసారి పట్టుది తెప్పించామని, ఏ రంగు కావాలని అడిగాడు. సార్ మెరూన్ అన్నాడు.

ఈలోగా సంగతి క్లాసుకు తెలిసింది. క్లాసు వాట్సాప్ గ్రూపులో వెంకట్ ఒక మెసేజ్ పెట్టాడు, సార్‌కు అందరూ సపోర్టు రాయాలని. పిల్లలకు సార్ అంటే నిజంగానే ఇష్టం. మార్కులంటే ఇంకా ఇష్టం. ఓడరేవులు కట్టిన చేతులు మళ్లీ పనిలో పడ్డాయి. రెండు రోజుల్లో చర్చ పేజీ నిండింది. మా తాత కూడా ఇట్లనే చెప్పేవాడని మల్లేశ్ రాశాడు, వాళ్ల తాత ఆ ఊరి ముఖం ఎరగడు. రామ్‌కిషన్ గారి దానగుణం జగద్విదితమని ఒకమ్మాయి రాసింది. రాసిచ్చేటప్పుడు నేను చూశానని పందొమ్మిదేళ్ల వీరేశ్ రాశాడు. ముప్పై ఎనిమిది సాక్ష్యాలు. దేవరాజ్ సార్ అన్నీ ఓపికగా చదివి, వీరేశ్ వాక్యం ఒక్కటి తీసేశాడు. అది పద్ధతి కాదని.

ఆ తర్వాత అక్షతను స్టాఫ్‌రూంకు పిలిపించాడు. కూర్చోమన్నాడు, టీ ఇప్పించాడు. ఆయన గొంతు ఎప్పటికంటే మెత్తగా ఉంది.

"నువ్వు రాసింది తప్పని నేనంటలేను బిడ్డా."

"మరి ఏం చెయ్యాలె సార్?"

"తప్పని నువ్వనాలె."

ఆమెకు అర్థం కాలేదు. సార్ వివరించాడు, పాఠం చెప్పినట్టే. తాను తీసేస్తే చరిత్రలో తన పేరు పడుతుంది. ఎవరు రాసింది వాళ్లే తీసుకుంటే అది స్వయం దిద్దుబాటు, పరిశోధనలో గౌరవమైన విషయం. కారణం అన్న గడిలో రెండు మాటలు రాస్తే చాలు. ఇందులో బలవంతం ఏమీ లేదు. ముప్పై ఎనిమిది మంది ఒక మాట మీద ఉంటే ఒక్కరు వేరే ఉండడం కలిసి పనిచేయడం అనిపించుకోదు. ఇరవైలో పది మార్కులు కలిసి పనిచేయడానికే గదా.

"అవ్వకు చెప్పిన సార్ నేను. పేరు పెడ్తనని."

"ఎవరికి చెప్పినవ్?"

"శాంతమ్మకు. వాళ్ల అత్తనే గదా సార్ ఇచ్చింది."

సార్ టీ కప్పును ఆమె ముందుకు జరిపాడు. హైవే మీద చెరకు లారీ ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది.

"పెద్దమనుషులు. యాదుండది వాళ్లకు," అన్నాడు. "ఫికర్ చెయ్యకు. టీ తాగు, సల్లారుతది."

అక్షత టీ తాగింది. అక్కడే కూర్చుని, సార్ చూస్తుండగా, ఫోన్‌లో తను రాసినదంతా తీసేసింది. కారణం దగ్గర వేలు ఆగింది. సార్ నెమ్మదిగా ఒక్కో మాటా చెప్పాడు, ఆమె కొట్టింది. "నా పొరపాటు." సార్ ఆమెకు ఇరవైకి ఇరవై వేశాడు. సభ రోజు మైకులో పేజీ చదివే అవకాశం కూడా ఆమెకే ఇచ్చాడు, గొంతు బాగుంటుందని. మనిషి చెడ్డవాడు కాదు.

సభ పదింటికి. శాంతమ్మా మహాదేవప్పా ఎనిమిదింటికే వచ్చి కూర్చున్నారు. మహాదేవప్ప దుకాణం మూసి, ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. చేతి గీతల్లో గ్రీజు మాత్రం సబ్బుకు పోలేదు. శాంతమ్మ పెట్టె అడుగు నుంచి ఇల్కల్ చీర తీసి కట్టుకుంది. పైకి పిలిస్తే మెట్లెక్కాలి గదా అని ఇద్దరూ మొదటి వరుసలో, మెట్ల పక్కనే కూర్చున్నారు. తొమ్మిదిన్నరకు, కుర్చీలు చూసుకుంటున్న వెంకట్ వచ్చి, ఇవి అతిథుల కుర్చీలని మర్యాదగానే చెప్పి లేపాడు. రెండో వరుస టీచర్లది. మూడోది కమిటీది. వాళ్లు జరుగుతూ జరుగుతూ షామియానా చివర వంట గిన్నెల దాకా పోయారు.

అక్షత వేదికెక్కి ఫోను చూస్తూ పేజీ చదివింది. గొంతు నిజంగానే బాగుంది. ఊరి పేరు ఎలా వచ్చింది, జనాభా ఎంత, ఏం పండుతాయి. తర్వాత బడి. "బడి స్థలాన్ని రామ్‌కిషన్ గారు దానమిచ్చారు" దగ్గర ఒక్క క్షణం ఆగింది. మైకు సరిగా లేదేమోనని మదన్‌మోహన్ లేచి దాన్ని తట్టాడు. ఆమె తర్వాతి వాక్యంలోకి పోయింది. చప్పట్లు కొట్టారు. అందరితో పాటు శాంతమ్మ కూడా కొట్టింది. రాయి మీది గుడ్డ తీశారు. దేవరాజ్ సార్‌కు మెరూన్ రంగు పట్టు శాలువా కప్పారు. ఆయన మాట్లాడుతూ, చరిత్రలో సామాన్యుల పేర్లు ఎలా మరుగున పడిపోతాయో పావుగంట చెప్పాడు. బాగా చెప్పాడు. ఒకరిద్దరు కళ్లు తుడుచుకున్నారు.

జనం లడ్డూ ప్యాకెట్లు తీసుకుని వెళ్లిపోయారు. షామియానా వాళ్లు కుర్చీలు ఒకదాంట్లో ఒకటి దూరుస్తున్నారు. తల్లీకొడుకులిద్దరూ ఇంకా కూర్చునే ఉన్నారు. కుర్చీలవాడు వచ్చి నిలబడితే లేచారు. అక్షత కనబడగానే శాంతమ్మ ఆమె చేయి పట్టుకుంది. వెనకే సార్ శాలువా సర్దుకుంటూ వచ్చాడు.

"మంచిగ చదివినవ్ బిడ్డా. మా అత్త పేరు ఎప్పుడు చదువుతరు?"

అక్షత సార్ వైపు చూసింది. సార్ నేల వైపు చూశాడు. ఆ మౌనం శాంతమ్మకే ఇబ్బందిగా తోచినట్టుంది. పెద్దమనిషిని నిలబెట్టి అడిగినట్టయిందనుకుని, జవాబు తనే వెతికిపెట్టింది.

"చదివే ఉంటరు. నాకు జర చెవుడు, అంత దూరం నుంచి వినబడలే. చదివినరు గదా?"

"చదివినం అవ్వా," అంది అక్షత.

శాంతమ్మ ముఖం విప్పారింది. కొడుకు వైపు తిరిగింది. "నువ్వు విన్నవారా?"

మహాదేవప్ప ఎనిమిదింటి నుంచి అక్కడే ఉండి ప్రతి మాటా విన్నవాడు. అతను అక్షతను చూశాడు. తర్వాత సార్‌ను చూశాడు, ఆయన భుజం మీది పట్టును చూశాడు.

"విన్ననమ్మా," అన్నాడు.

దేవరాజ్ సార్ ఇద్దరికీ నమస్కారం పెట్టాడు. శాంతమ్మ దగ్గరికి వచ్చి శాలువా అంచు వేళ్లతో పట్టుకుని చూసింది.

"మెత్తగున్నది సార్," అంది. "జాగ్రత్తగ పెట్టుకోండ్రి."